వెనక్కి చూడని హీరో

మాసయ్యకు ఒక సినిమా నచ్చిందంటే ఊళ్లో అదే పెద్ద వార్త. పెద్ద సినిమా ఏది వచ్చినా మొదటి వారంలోనే గద్వాలకు వెళ్లి చూసేవాడు. చూసొచ్చి బాగాలేదనేవాడు. మళ్లీ ఇంకో పెద్ద సినిమా వస్తే అందరికంటే ముందు తనే వెళ్లేవాడు.

ధరూర్ మండలంలో కృష్ణా నదికి దగ్గరగా ఉండే ఊరు ఆయనది. వయసు యాభై ఎనిమిది. భార్య నర్సమ్మతో కలిసి రెండెకరాలు కౌలుకు చేస్తాడు. సినిమాకు వెళ్లొచ్చిన సాయంత్రం బస్సు స్టేజీ దగ్గర టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే, షేర్ ఆటో నడిపే నరేందర్ తప్పకుండా అడిగేవాడు.

"ఎట్లుంది మామా?"

"నాలుగు వందల కోట్లు పెట్టి తీసిండ్రంట," అని మాసయ్య నింపాదిగా మొదలుపెట్టేవాడు. "గంత పెద్ద ఓడ పేలిపోతది. హీరో దానికి వీపు చూపెట్టి నడుసుకుంట వస్తడు. వెనుకకు మర్లి చూడడు. చెవులు మూసుకోడు. అంగి మీద దుమ్ము గూడ పడదు."

"హీరో గద మామా."

"హీరోకు చెవులుండవా?"

బెంచీ మీదున్నవాళ్లు నవ్వేవాళ్లు. మాసయ్య నవ్వేవాడు కాదు. నవ్వించడానికి చెప్పిన మాట కాదది.

ఆయనకు ఇంకా చాలా అభ్యంతరాలుండేవి. మూడు గంటల సినిమాలో సగం మెల్లగా నడిపిస్తారట. మామూలు స్పీడులో నడిపిస్తే గంటన్నరలో ఇంటికి రావచ్చట. హీరో వందమందిని కొడతాడు గానీ సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా అన్నం తినడట. ఎవరిని చూసినా గడ్డం, మసి, నల్ల బట్టలట. చివరికి కథ తేలదట. "రెండో భాగంల చూడుండ్రి అంటరు. నేను సగం మడి కోసి, మిగిలింది వచ్చే ఏడు కోస్త అంటే పట్టాదారు ఊకుంటడా?"

పేలుళ్ల దగ్గర మాత్రం ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. ఆయన ఇరవై రెండేళ్లు సొరంగాల్లో పనిచేశాడు. గుంపు మేస్త్రి ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి వెళ్లి, కొండకు రంధ్రాలు తొలిచి, మందు కూరి, పేల్చి, రాయి తీసే పని. నీళ్ల సొరంగాలు, రైలు సొరంగాలు, ఎన్ని రాష్ట్రాలు తిరిగాడో ఆయనకే సరిగా గుర్తులేదు. పేల్చాక లోపల పొగ పోయేదాకా ఆగాలనీ, ఆగకుండా పోతే రెండు రోజులు తలనొప్పి తగ్గదనీ ఆయనకు తెలుసు. పేలుడు మొదట తెలిసేది చెవికి కాదు, అరికాలికని కూడా తెలుసు.

సినిమాకు ఆయన ఎప్పుడూ ఒక్కడే వెళ్లలేదు. పక్కన పాల్ ఉండేవాడు.

పాల్ ఆయనకంటే నాలుగేళ్లు చిన్న. ఇద్దరిదీ ఒకటే వాడ, ఒకటే గుంపు. పద్నాలుగేళ్ల కిందట హిమాచల్ కొండల్లో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నప్పుడు, అన్నీ పేలిపోయాయనుకున్నాక పాల్ గడ్డపార పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఒక రంధ్రంలో మందు మిగిలి ఉంది. అతను దగ్గరికి చేరకముందే అది పేలింది. ప్రాణం దక్కింది. చెవులు పోయాయి. మొదట్లో గంట మోగుతున్నట్టు ఏదో వినపడేదన్నాడు. ఏడాది తిరిగేసరికి అది కూడా పోయింది.

ఇద్దరూ ఊరికి వచ్చేశారు. పాల్ ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. నలుగురిలో కూర్చుంటే ఎవరు ఏమంటున్నారో తెలియక, నవ్వాలో ఊరుకోవాలో తెలియక అవస్థ పడేవాడు. అప్పుడు మాసయ్యకు ఒకటి తోచింది. ఎవరితోనూ మాట్లాడే పనిలేకుండా మూడు గంటలు నలుగురి మధ్య కూర్చోగలిగే చోటు సినిమా హాలు ఒక్కటే. ఒక మధ్యాహ్నం బలవంతంగా గద్వాలకు తీసుకుపోయాడు. అప్పటినుంచి అది అలవాటైంది.

తెలుగు నటులైతే పాల్ వాళ్ల పెదవులు చూసి చాలావరకు మాటలు పట్టేవాడు. తర్వాత అన్ని భాషల్లో ఒకేసారి వచ్చే భారీ సినిమాలు మొదలయ్యాయి. "మూతి చూస్తే తెలుగు మాట తీర్గ లేదు. విలన్ హిందీల తిడుతున్నట్టుండు," అని పాల్ హాల్లోనే పెద్దగా అనేవాడు. గొంతు ఎంత పైకి పోతుందో అతనికి తెలియదు. ముందు వరుసవాళ్లు తిరిగి చూసేవాళ్లు. కథ తెలియకపోయినా అతను ఆ సినిమాలు మానలేదు. కొత్తది వస్తోందంటే పోస్టరు చూసి వారం ముందే మాసయ్య ఇంటికి వచ్చి తేదీ చెప్పేవాడు.

ఈ ఏడు ఆగస్టు నెలలో ఒక పెద్ద సినిమా వచ్చింది. గద్వాలలో ఒక హాలుకు కొత్త తెర, కొత్త సౌండు పెట్టాక వచ్చిన మొదటి భారీ సినిమా అదే. గనులు, తుపాకులు, మంటలు. విరామానికే మాసయ్యకు తల పగిలిపోయింది. కర్చీఫు చించి చెవుల్లో కుక్కుకున్నాడు. బయటికి వచ్చాక పాల్ ముఖంలోకి చూస్తూ, పెదవులు కనబడేలా నిదానంగా చెప్పాడు.

"ఇగ నేను రాను. గిదే ఆఖరు. నా తోని అయితలేదు."

"ఎందుకు? మంచిగుంది గదా."

"ఏం మంచిగుందిరా? నీకు కథ సమజైందా?"

"కాలే."

"మరి?"

పాల్ నరేందర్ ఆటో వైపు నడిచాడు. "నువ్వు రాకుంటే నేనొక్కణ్ణే పోత," అని ఆటో వెనక సీట్లో అటు తిరిగి కూర్చున్నాడు. అటు తిరిగాడంటే అతనితో ఇక మాట్లాడడం కుదరదు. నరేందర్ అద్దంలోంచి ఇద్దరినీ చూసి, బండి కదిలించాడు.

ఐదు రోజుల తర్వాత, పన్నెండు గంటలవేళ, పాల్ భార్య స్వరూప మాసయ్య ఇంటికి వచ్చింది. విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో పూలు దాటించే పని నడుస్తున్న రోజులవి. పొద్దున్నే వెళ్లి మగపూల పుప్పొడి ఆడపూలకు అద్దీ అద్దీ ఆమె వేళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. చేను నుంచి నేరుగా వచ్చినట్టుంది.

"బావా, ఆయన గద్వాలకు పోయిండు. గదే సినిమాకు మళ్ల పోయిండు. నువ్వు ఎంట లేవని నరేందర్ ఫోన్ చేసి చెప్పిండు."

"రానని చెప్పిన స్వరూపా. తలకాయ నొస్తుంది నాకు."

"సినిమా గురించి గాదు నా పరేషాన్. రోడ్డు దాటేటప్పుడు హారన్ ఇనవడదు ఆయనకు. మొన్న ఈడ్నే ట్రాక్టర్ కింద వడుతుండె." ఆమె గడపమీద కూర్చుంది. నర్సమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, చేతివేళ్లు చూసుకుంటూ అంది. "నాకు ఒకటి సమజ్ కాదు బావా. చర్చిల గూడ డోలక్ కొట్టేటాయన పక్కకే కూసుంటడు. పాట ఇనవడదు గద. గాడ్నే ఎందుకు కూసుంటవ్ అంటే చెప్పడు."

మాసయ్య లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"అన్నం తిని పో," అంది నర్సమ్మ.

"వచ్చి తింట."

హాలుకు చేరేసరికి సినిమా మొదలై చాలాసేపైంది. వారం మధ్యలో మధ్యాహ్నం ఆట కావడంతో లోపల ముప్పైమంది కూడా లేరు. అందరూ వెనకే కూర్చున్నారు. చీకటి అలవాటయ్యాక మాసయ్యకు పాల్ కనిపించాడు. మొదటి వరుసలో, తెరకింద, ఒక్కడే ఉన్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. రెండు పాదాలూ నేలకు ఆనించి, రెండు చేతులతో కుర్చీ ఇనప చట్రం పట్టుకుని కూర్చున్నాడు. తెరవైపు కూడా చూడడం లేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు.

మాసయ్య వెళ్లి పక్కన కూర్చున్నాడు. పాల్ ఉలిక్కిపడి కళ్లు తెరిచి, ఎవరో చూసి, నవ్వాడు. ఆయన చెప్పుల మీద చేత్తో తట్టి, విప్పమని సైగ చేశాడు. మాసయ్య విప్పాడు.

తెరమీద హీరో, విలన్ నడిపే గనిలోకి వచ్చాడు. గోడల నిండా మందు కూరి ఉంది. వెలుపలికి నడుస్తూ, వెనక్కి చూడకుండానే, చేతిలో మీట నొక్కాడు. మొదటి పేలుడు మాసయ్యకు అరికాళ్లలోంచి వచ్చింది. నేల నుంచి మోకాళ్లకు, అక్కణ్నుంచి రొమ్ములోకి ఎక్కింది. అయిదు రోజుల కిందట వెనక వరుసలో, చెవుల్లో గుడ్డ పెట్టుకుని కూర్చున్నప్పుడు ఇది తెలియలేదు. చెవులు గుయ్యిమంటున్నా ఆయన లేవలేదు. ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి.

పక్కకు చూశాడు. పాల్ మళ్లీ కళ్లు మూసుకున్నాడు. కుర్చీ చట్రం మీద అతని కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. అయిదు అయ్యాక ఎడమచేతిది ఒక వేలు. మళ్లీ కుడిచెయ్యి.

అతను లెక్కపెడుతున్నాడు.

సొరంగంలో అదే పని. ఎన్ని రంధ్రాల్లో మందు కూరారో, బయట నిలబడి అన్ని మోతలు వినాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ లోపలికి పోకూడదు. ఆ గుంపులో మోతలు లెక్కపెట్టే పని మాసయ్యది. ఆ రోజు ఇరవై నాలుగు కూరారు. ఆయన ఇరవై మూడు లెక్కపెట్టాడు. రెండు ఒకేసారి పేలి ఉంటాయనుకున్నాడు. అయిపోయాయని చెయ్యి ఊపాడు. పాల్ లోపలికి వెళ్లాడు. ఆ మాట మాసయ్య పోలీసులకు చెప్పలేదు. మేస్త్రికి చెప్పలేదు. నర్సమ్మకు కూడా చెప్పలేదు.

"ఇర్వై మూడేరా," అన్నాడు చీకట్లో. "గా దినం నాకు ఇనవడ్డయి ఇర్వై మూడే."

పాల్ కదలలేదు. కళ్లు మూసుకున్న మనిషికి పెదవులు కనిపించవు. ఇన్నేళ్లలో మాసయ్య ఈ మాట ఇలాగే ఎన్నోసార్లు అన్నాడు. పాల్ ముందు నడుస్తుంటే వెనకనుంచి, నిద్రపోతుంటే మంచం పక్కనుంచి. ప్రతిసారీ అతనికి పెదవులు కనబడని చోటునుంచే అన్నాడు. ఆ సంగతి ఆయనకు ఇప్పుడే సూటిగా తోచింది.

సినిమా అయిపోయింది. ఇద్దరూ రోడ్డు దాటి ఎదుటి హోటల్లో కూర్చున్నారు. మూడు దాటింది. బయట ఎండ తెల్లగా ఉంది. మాసయ్య రెండు టీలు చెప్పి, తన కుర్చీని వెలుతురు ముఖం మీద పడేలా తిప్పుకున్నాడు. పాల్ చెయ్యి పట్టుకుని తనవైపు చూడమన్నాడు.

"పాలూ. గా దినం ఇర్వై నాలుగు కూరినం. నేను ఇర్వై మూడు లెక్కవెట్టిన. అయిపోయినయి అని చెయ్యి ఊపిన. తప్పు నాది."

మాట మాటకూ మధ్య ఆగాడు. పాల్ ఆయన పెదవుల వైపే చూస్తున్నాడు. టీ వచ్చింది. పాల్ గ్లాసు ముట్టలేదు.

"నాకు తెల్సన్నా," అన్నాడు. గొంతు హోటలంతా వినబడింది. వంటాయన తలెత్తి చూశాడు. "నేను గూడ లెక్కవెట్టిన. ఇర్వై మూడే."

మాసయ్య తన గ్లాసు పక్కకు జరిపాడు.

"రెండు ఒక్కపారే పేలినయి అన్కున్న. నువ్వు గూడ గట్లనే అన్కోని ఉంటవ్. మేస్త్రి ఒర్లుతుండె, జల్ది పోండ్రి అని. నేను జర ఆగాల్నంటే ఆగేటోణ్ణి. ఆగలే."

"మరి గిన్నేండ్లు అడగలేదేందిరా?"

"నువ్వు చెప్తవేమో అని చూసిన. నువ్వు చెప్పలే. ఇగ నేను గూడ ఊకున్న."

"కోపం రాలేదా?"

"వచ్చింది." పాల్ ఇప్పుడు గ్లాసు అందుకున్నాడు. "మూడేండ్లు ఉండె కోపం. నువ్వు తోల్కపోయిన సినిమాలల్ల నీ పక్కకు కూసోని మస్తు తిట్టిన. మనసుల్నే. తర్వాత పోయింది. ఎప్పుడు పోయిందో తెల్వదు."

మాసయ్య కర్చీఫు కోసం జేబు వెతుక్కున్నాడు. ముఖం తుడుచుకుని, కాసేపు రోడ్డువైపు చూశాడు. పాల్‌కు కనిపించాలని గుర్తొచ్చి మళ్లీ ఇటు తిరిగాడు.

"గా ముందల కూసుంటే ఏమనిపిస్తది నీకు?"

"ఇనవడ్తది."

"చెవులకా?"

"చెవులకు గాదు." పాల్ అరచేయి రొమ్ముమీద పెట్టుకున్నాడు. "ఇంట్ల స్వరూప పిలిస్తే ఇనవడదు. ఉరుము ఉరిమితే తెల్వదు. డోలక్ జరంత తెలుస్తది. గీ పెద్ద సినిమాలల్ల మాత్రం అంతా తెలుస్తది. కొత్త సౌండు పెట్టినంక ఇంకా మంచిగ తెలుస్తుంది. కథ తోటి నాకేం పని? గా మూడు గంటలు నాకు చెవులున్నట్టే ఉంటది."

"పేలుడు చప్పుడు గదరా. భయం గాదా?"

"నాకు ఆఖరికి ఇనవడ్డది గదే అన్నా. మళ్ల ఇన్నదీ గదే."

టీ చల్లారిపోయింది. వంటాయన అడక్కుండానే ఇంకో రెండు గ్లాసులు తెచ్చిపెట్టి, పాత గ్లాసులు తీసుకుపోయాడు. ఇద్దరూ అవి తాగి లేచారు. రోడ్డు దాటేటప్పుడు మాసయ్య పాల్ భుజం మీద చెయ్యి వేశాడు. మామూలుగా కూడా వేస్తాడు. ఈసారి ఆటో స్టాండు దాకా తీయలేదు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మాసయ్య నర్సమ్మకు అంతా చెప్పాడు. ఆమె వింటూ ఆయన కంచంలో చారు పోసింది.

"పద్నాలుగేండ్లు గీ బరువు పెట్టుకోని తిన్నవా అన్నం," అంది. కంచం తీస్తూ, "ఆదివారం స్వరూపను గూడ తోల్కపోదాం. ఆమెకు చూపెట్టాలె. మొగడు ఎందుకు పోతుండో పాపం ఆమెకు తెల్వదు," అంది.

ఆదివారం చర్చి అయ్యాక నలుగురూ నరేందర్ ఆటోలో బయల్దేరారు. ఆడవాళ్లు సినిమా హాలుకు వెళ్లి చాలా ఏళ్లయింది. దారిలో నరేందర్ అడిగాడు.

"మామా, ఒకటే సినిమా మూడోసారా? బాగలేదన్నవ్ గద."

"బాగలేదు," అన్నాడు మాసయ్య. "కథ లేదు. హీరో అన్నం తినడు. నాలుగు వందల కోట్లు మట్టిల వోసిండ్రు."

"మరెందుకు పోతుండ్రు?"

"సౌండు మంచిగుంది."

ముందు వరుసలో నలుగురికీ టికెట్లు దొరికాయి. అక్కడ కూర్చోవడానికి ఎవరూ పోటీపడరు. మాసయ్య ఇంటినుంచి తెచ్చుకున్న దూది నర్సమ్మకు ఇచ్చి, తనూ చెవుల్లో పెట్టుకున్నాడు. స్వరూప వద్దంది. పాల్ ఆమె చెప్పులు విప్పించి, పాదాలు నేలకు ఆనించమన్నాడు. ఆమె చెయ్యి తీసుకుని కుర్చీ చట్రం మీద పెట్టి, దానిమీద తన చెయ్యి పెట్టాడు.

మొదటి ఫైటు వచ్చింది. స్వరూప అదిరిపడింది. తర్వాత తన పాదాల వైపు చూసుకుంది. తర్వాత పాల్ ముఖంలోకి చూసింది. అతను కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవుల మీద నవ్వుంది. తెర వెలుతురులో ఆమె చాలాసేపు అతన్నే చూస్తూ కూర్చోవడం మాసయ్యకు కనిపించింది.

వారమంతా తెల్లవారకముందే లేచి చేనుకు పోతున్న మనిషి ఆమె. విరామం తర్వాత, తుపాకుల మోత మధ్యలోనే, తల పాల్ భుజం మీద వాల్చి నిద్రపోయింది. గని పేలే సీను వచ్చినప్పుడు కూడా లేవలేదు. పాల్ ఈసారి వేళ్లు ముడవలేదు. ఆమె తల జారకుండా భుజం కదలనివ్వకుండా కూర్చున్నాడు.